బొట్టు పెట్టిన బంతి

ధనుంజయకు వచ్చిన కష్టమల్లా ఒక్కటే. నీళ్ళ కింద అతను ఉన్నంతసేపు ఇంకెవరూ ఉండలేరు. కాని అతనికి బంతులు దొరకవు.

అతని గురువు ఎరకయ్యకు డెబ్బై దాటాయి. మునిగితే గట్టిగా అరనిమిషం ఉండలేడు, దగ్గుకుంటూ పైకి వస్తాడు. వచ్చినప్పుడల్లా నడుముకు కట్టిన వలసంచిలో అయిదో ఆరో బంతులుంటాయి. ధనుంజయ రెండు నిమిషాల నలభై సెకన్లు లోపలుండి, గడియారం చూసుకుని మరీ పైకి వస్తాడు. చేతిలో ఒక నత్తగుల్ల ఉంటుంది.

ఇది సముద్రానికి రెండు కొండల ఇవతల ఉన్న ఒక గోల్ఫు క్లబ్బులో సంగతి. గోల్ఫు తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. నిమ్మకాయంత తెల్లబంతిని కర్రతో కొట్టి, ఎక్కడో అల్లంత దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. అది చాలా కష్టం. ఆ కష్టం చాలదన్నట్టు మధ్యలో ఒక చెరువు తవ్వించుకుంటారు. తవ్వించుకున్నవాళ్ళే, బంతి అందులో పడగానే నెత్తి కొట్టుకుంటారు.

అలా పడిన బంతులు అడుగున బురదలో పేరుకుపోతాయి. మునిగి తీసేవాడు ఒకడు కావాలి. పాతికేళ్ళుగా ఆ పని ఎరకయ్యది. అంతకుముందు అతను సముద్రంలో పడవల వాళ్ళు పోగొట్టుకున్న లంగర్లు వెతికి తీసేవాడు. ఇప్పుడు మోకాళ్ళు సహకరించడం లేదు. అతని తరవాత ఆ చెరువు ఎవరికి అప్పజెప్పాలా అని క్లబ్బువాళ్ళు చూస్తున్నారు.

ధనుంజయ ఆ చెరువు కోసమే వచ్చాడు. ఊళ్ళో ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పేవాడు. ఆ కొలను మరమ్మతులకని మూశారు, ఇంకా తెరవలేదు. అతనికి ముప్ఫై నాలుగేళ్ళు, జిల్లా ఈతపోటీల్లో బంగారు పతకం, ఆ పతకాన్ని గురించి రోజుకొకసారి చెప్పే అలవాటు ఉన్నాయి. ఏ విద్యకైనా గురువు ఉండాలని ఎక్కడో విన్నాడు. కొబ్బరికాయ, అరటిపళ్ళు, కొత్త తువ్వాలు పట్టుకుని వచ్చి ఎరకయ్య కాళ్ళ మీద పడ్డాడు.

"నానేటి సెప్తాను బావూ? నీకు ఈత ఒచ్చు గదా," అన్నాడు ఎరకయ్య. అని అరటిపళ్ళు తిన్నాడు. శిష్యరికం అంతటితో మొదలైంది.

క్లబ్బు సెక్రటరీ వర్మగారు నెలరోజుల తరవాత అడిగారు. "ఏం ఎరకయ్యా, నీ శిష్యుడు పనికొస్తాడా?"

"ఈత ఒచ్చండి," అన్నాడు ఎరకయ్య.

ఇంకో నెల పోయాక మళ్ళీ అడిగారు. మళ్ళీ అదే జవాబు. ధనుంజయ దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

అతను దూకడం మాత్రం చూసి తీరాల్సిందే. గట్టు మీద నుంచి నాలుగడుగులు పరిగెత్తి, గాలిలో ఒళ్ళు విల్లులా వంచి, చేతులు ముందుకు చాపి తలకిందులుగా దూకేవాడు. క్లబ్బులో ఆటగాళ్ళ కర్రల సంచులు మోసేవాళ్ళు పని మానేసి చప్పట్లు కొట్టేవాళ్ళు. చప్పట్లు వినబడేలోపు అతను అడుక్కి వెళ్ళిపోయేవాడు, అడుగున ఉన్న బురదంతా పైకి లేచేది. కళ్ళ ముందు తన చెయ్యి తనకే కనబడేది కాదు. ఆ టీ రంగు నీళ్ళలో రెండు నిమిషాల నలభై సెకన్లు దేవులాడేవాడు.

గురువు నీళ్ళలోకి ఎలా వెళతాడో అతను ఒక్కసారీ చూడలేదు. ఆ సమయానికి తాను లోపల ఉండేవాడు.

ఇలా ఉండగా ఒక బుధవారం నాడు చెరువులో రామలింగంగారి బంతి పడింది.

ఓరుగంటి రామలింగంగారు నీటిపారుదల శాఖలో చీఫ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పదకొండేళ్ళ కిందట ఒక ఆదివారం ఆయన కొట్టిన బంతి ఒక్క దెబ్బకు వెళ్ళి గుంటలో పడింది. గోల్ఫులో అది జన్మకొకసారి జరిగే విషయం. చాలామందికి ఆ ఒక్కసారీ జరగదు. ఆయన ఆ బంతిని ఇంటికి తీసుకువెళ్ళి, పూజగదిలో వెండిగిన్నెలో పెట్టారు. ఆయన భార్య విశాలాక్షమ్మగారు రోజూ దేవుళ్ళందరికీ బొట్టు పెట్టి, చివర్న దానికీ ఒక బొట్టు పెట్టి, హారతి చూపించేవారు. పదకొండేళ్ళుగా హారతి అందుకున్న బంతి దేశంలో అదొక్కటే అయి ఉండాలి.

రాబోయే ఆదివారం క్లబ్బు వార్షికోత్సవం. ఆ బంతిని అద్దాల పెట్టెలో పెట్టి వరండాలో ఉంచాలని అందరూ తీర్మానించారు. పెట్టె కొలతల కోసం రామలింగంగారు బుధవారం బంతిని తీసుకువచ్చారు. అక్కడ ఎవరో, "ఏదీ సార్, మహిమ గల బంతి కదా, ఇంకొక్కసారి కొట్టండి చూద్దాం," అన్నారు.

ఆయన వద్దు వద్దంటూనే కర్ర తీశారు.

బంతి చాలా అందంగా లేచింది. చెరువు నడిమధ్యకు వెళ్ళి, ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, పడింది.

ఎవరూ నవ్వలేదు. ఆపుకోలేనివాళ్ళు మాత్రం చెట్ల చాటుకు వెళ్ళారు. రామలింగంగారు కర్ర అలాగే ఎత్తి పట్టుకుని నిలబడిపోయారు. ఇంటికెళ్ళి ఏం చెప్పాలన్నది ఆయన బాధ.

వర్మగారు కాగితం తీశారు. "గుర్తులు చెప్పండి సార్. ఏ కంపెనీది? ఏ నంబరు?" గోల్ఫు బంతి ప్రతిదాని మీదా కంపెనీ పేరు, ఒక అంకె అచ్చువేసి ఉంటాయి.

రామలింగంగారు విసుక్కున్నారు. "దేవుడి గూట్లో ఉన్న బంతికి నంబరేమిటయ్యా? బొట్టుంది. అంతకన్నా గుర్తేం కావాలి?"

ధనుంజయ ముందుకు వచ్చాడు. నలుగురూ ఉన్నచోట అతని గొంతు దానంతట అదే పెద్దదవుతుంది. "ఆదివారం పొద్దున్నకల్లా ఆ బంతి మీ చేతిలో పెడతాను సార్. పెట్టలేకపోతే ఇక ఈ క్లబ్బు గేటు తొక్కను."

"తెస్తే ఎరకయ్య తరవాత చెరువు నీదే," అన్నారు వర్మగారు.

ఎరకయ్య గట్టు మీద కూర్చుని బంతులు కడుగుతున్నాడు. తలెత్తలేదు.

గురువారమంతా ధనుంజయ దూకాడు. అయిదుగురు అయిదు చోట్లు చూపించారు, అయిదు చోట్లా దూకాడు. ఒక కళ్ళజోడు దొరికింది. ఒక ఎడమకాలి బూటు దొరికింది. ఎవరో కోపం వచ్చి విసిరేసిన గోల్ఫు కర్ర దొరికింది. దాని మీద వర్మ అని చెక్కి ఉంది. వర్మగారికి చూపిస్తే తనది కాదన్నారు. వర్మలు ఈ లోకంలో చాలామంది ఉంటారన్నారు. అని కర్రను జాగ్రత్తగా తుడిచి తన గదిలో పెట్టుకున్నారు.

అక్కడొకటి ఇక్కడొకటిగా బంతులూ దొరికాయి. వేటికీ బొట్టు లేదు.

శుక్రవారం సాయంత్రం పెదవులు నీలంగా అయి, వేళ్ళు ముడతలు పడి, ధనుంజయ గురువు పక్కన కూలబడ్డాడు.

"గురువుగారూ, రహస్యం ఏమిటో చెప్పండి. నేనింక తట్టుకోలేను."

"రగస్యం ఏటుంది బావూ? బంతి కిందుంటాది. మనం మీదుంటాం."

"అంతేనా?"

"మరేటి?"

ముసలివాడు కావాలనే దాస్తున్నాడనిపించింది. ధనుంజయకు కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. తడిసి ఉన్నాడు గనక ఏడిస్తే తెలియదని కాసేపు ఏడ్చాడు. ఎరకయ్య తన తువ్వాలు అతని ఒళ్ళో పడేసి, బంతుల బాల్చీ ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

శనివారం ధనుంజయ నలభై రెండుసార్లు దూకాడు. సాయంత్రానికి చప్పట్లు కొట్టేవాళ్ళు కూడా అలసిపోయారు.

ఇంటికి పోయే దారిలో అమ్మవారి గుడి ఉంది. అతను గుడి ముందు ఆగాడు. చేతిసంచిలో తనకు దొరికిన ఎవరెవరివో బంతులున్నాయి. వాటిలో కాస్త పాతబడి, పెద్దమనిషి తరహాగా ఉన్నదాన్ని ఒకటి ఏరాడు. కుంకుమ పొట్లం ఒకటి తీసుకున్నాడు. నీళ్ళకు పోకుండా ఉండాలని కుంకుమలో కాస్త కొబ్బరినూనె కలిపాడు. మధ్యవేలితో గుండ్రంగా బొట్టు పెట్టాడు. పెట్టాక అమ్మవారికి దణ్ణం కూడా పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో అడిగితే అతను చెప్పలేడు.

ఆదివారం పొద్దున్న క్లబ్బుకు తోరణాలు కట్టారు. అద్దాల పెట్టె మెరుస్తోంది. ధనుంజయ ముందు గురువు దగ్గరికి వెళ్ళాడు. ఎంత గురువైనా తన విజయం ఒకసారి ఆయన కళ్ళతో చూస్తే బాగుంటుందనిపించింది.

"దొరికింది గురువుగారూ," అని బంతి చూపించాడు. "అడుగున, బాగా లోతులో."

ఎరకయ్య బంతిని తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. బొట్టు ఎర్రగా, నిండుగా, కొత్త పెళ్ళికూతురి నుదుటి మీద ఉన్నట్టుంది.

"నాలుగు రోజులు నీళ్ళలో నానినా సెదరనేదు," అన్నాడు. "మంచి కుంకం."



ఎరకయ్య బంతిని పక్కనున్న బాల్చీలో ముంచాడు. పైకి తీసి బొటనవేలితో ఒక్కసారి గట్టిగా రుద్దాడు. ఎరుపంతా వేలికి వచ్చేసింది. బంతి తెల్లగా, అమాయకంగా మిగిలింది. ముసలివాడు ఆ బొటనవేలిని ధనుంజయ నుదుటి మధ్యన పెట్టి, నెమ్మదిగా, గుండ్రంగా బొట్టు పెట్టాడు.

కొంచెం వెనక్కి జరిగి చూశాడు. ఒక పక్కగా కాస్త చెదిరితే చిటికెనవేలితో సరిచేశాడు.

"ఎల్లు బావూ," అన్నాడు. "నీకోసం సూత్తన్నారు."

బంతిని తిరిగి అతని చేతిలో పెట్టి, మిగిలిన బంతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు.

చెరువు గట్టు నుంచి వరండా దాకా రెండువందల అడుగులుంటుంది. ఆ దారి అంత పొడుగని ధనుంజయకు అంతకుముందు తెలియదు. మధ్యలో ఇద్దరు ముగ్గురు, "ఏమోయ్, పొద్దున్నే గుడికెళ్ళావా?" అని పలకరించారు. నుదురు కాలుతున్నట్టుంది. తుడిచేసుకుందామని చెయ్యి రెండుసార్లు ఎత్తాడు. రెండుసార్లూ దించేశాడు.

వరండా నిండా జనం. రామలింగంగారు పట్టుపంచె కట్టుకుని వచ్చారు. పక్కన విశాలాక్షమ్మగారు, ఆవిడ చేతిలో ఆ వెండిగిన్నె. వర్మగారు మైకు పట్టుకుని ఉన్నారు.

"దొరికిందా?" అన్నారు వర్మగారు. మైకులో అన్నారు గనక కొండ దాకా వినబడింది.

"లేదండి," అన్నాడు ధనుంజయ.

"మరి ఆ చేతిలోది?"

"ఇది వేరే ఎవరిదో అండి. దీనికి బొట్టు పెట్టి, అదేనని మీకు ఇచ్చేద్దామనుకున్నాను. పెట్టాను కూడా. మా గురువుగారు తుడిచేశారు." అతని గొంతు ఈసారి పెద్దది కాలేదు. "నాకు మునగడమే వచ్చండి. వెతకడం రాదు. ఆ వేళ పెద్ద మాట అన్నాను. వెళ్ళొస్తాను."

బంతిని బల్ల మీద పెట్టి వెనక్కి తిరిగాడు.

అతను రెండు మెట్లు దిగాక వెనకనుంచి రామలింగంగారి గొంతు వినబడింది. "ఆగవయ్యా!"

ఆయన మైకుకు చెయ్యి అడ్డం పెట్టారు. అంత చప్పుడు లేనిచోట అడ్డం పెట్టినా లాభం లేదు, అందరికీ వినబడింది.

"నిన్న కాక మొన్న బొట్టు పెట్టినవాడివి నువ్వే గేటు తొక్కనంటే, నేనెక్కడికి పోను? గుంటలో పడ్డ అసలు బంతి పదకొండేళ్ళ కిందటే పోయింది. పూజగదిలో పెట్టిన నెలకే, మళ్ళీ పడుతుందేమోనని తెచ్చి కొట్టాను. ఈ చెరువులోనే పడింది. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లక ఇంకోటి పెట్టేశాను."

చెప్పేసి, మెల్లగా, చాలా మెల్లగా భార్య వైపు తిరిగారు.

విశాలాక్షమ్మగారు వెండిగిన్నెను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "నాకు తెలుసు," అన్నారు.

"నీకు తెలుసా!"

"రోజూ బొట్టు పెట్టేదాన్ని నేను. మొదట్లో దాని మీద మూడు అంకె ఉండేది. ఒక శుక్రవారం చూస్తే ఒకటయింది. దేవుడు మార్చాడని అనుకుంటానా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే మీరేదో ఒకటి చెప్పేవారు. అది కూడా నమ్మాల్సి వచ్చేది."

చెట్ల చాటుకు వెళ్ళే వ్యవధి ఎవరికీ లేకపోయింది. వరండా అంతా ఒక్కసారి నవ్వింది. రామలింగంగారు కాసేపు బిగపట్టి, ఇక లాభం లేదని తానూ నవ్వారు. నాలుగు రోజులుగా సరిగా భోంచెయ్యని మనిషి, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు.

"వర్మా, ఈ అబ్బాయినే ఉంచు," అన్నారు. "బంతి తెచ్చేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు. తేలేదని చెప్పేవాడు దొరకడు."

వర్మగారికి తన గదిలో ఉన్న కర్ర గుర్తొచ్చిందో ఏమో, తల గట్టిగా ఊపి ఒప్పుకున్నారు.

విశాలాక్షమ్మగారు ధనుంజయను దగ్గరికి పిలిచారు. "చూడు నాయనా, అసలుదైనా కాకపోయినా అది పదకొండేళ్ళు హారతి తీసుకుంది. బురదలో వదిలెయ్యడం నాకిష్టం లేదు. దాని మీద ఒకటి అంకె ఉంటుంది. తొందరేం లేదు. దొరికినప్పుడే తీసుకురా."

తొందరేం లేదన్న మాట ఆ చెరువు విషయంలో అతనితో ఎవరైనా అనడం అదే మొదలు.

ధనుంజయ మళ్ళీ గట్టు మీదికి వచ్చాడు. వెనకే క్లబ్బంతా కదిలి వచ్చింది. సంచులు మోసేవాళ్ళు అలవాటు ప్రకారం ముందు వరసలో నిలబడి చప్పట్లకు చేతులు సిద్ధం చేసుకున్నారు. పరిగెత్తడానికి దారి కూడా వదిలారు.

అతను వాళ్ళ వైపు చూడలేదు. గడియారం విప్పి చెప్పుల్లో పెట్టాడు. గట్టు మీద గడ్డి పట్టుకుని, ఒక కాలు నీళ్ళలో పెట్టాడు. అది బురదలో కుదురుకునేదాకా ఆగి, రెండో కాలు పెట్టాడు. అలా ఒక్కొక్క అడుగే వేసుకుంటూ పీకల్లోతు దాకా వెళ్ళాడు. అక్కడ నిలబడిపోయాడు.

చుట్టూ కొంచెం బురద లేచింది. అతను కదలకపోయేసరికి కాసేపటికి అది మళ్ళీ అడుక్కి దిగిపోయింది. చిన్న చేపపిల్లలు వచ్చి అతని చేతుల చుట్టూ తిరగసాగాయి. పీకల్లోతు నీళ్ళలో అతని వేళ్ళు కూడా పైకి కనబడుతున్నాయి. చప్పట్లకు ఎత్తిన చేతులు ఏం చెయ్యాలో తెలియక ఒక్కొక్కటే కిందికి దిగాయి.

వర్మగారికి కంగారు పుట్టింది. "అదేమిటి ఎరకయ్యా, కదలడం లేదు? ఏమైనా అయిందా?"

ఎరకయ్య బంతులు కడగడం ఆపి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి నిలబడ్డాడు. చాలాసేపు చెరువు వైపు చూశాడు. ముసలివాడి మొహం విప్పారింది.

"ఏటీ అవనేదండి," అన్నాడు. "ఇన్నాళ్ళూ దూకినాడు. ఇయ్యాల దిగినాడు."